ఎర్రబడిందా అని అడిగితే లేదనే చెబుతాం

“ఎర్రబడిందా అమ్మా?” అని ప్రతిరోజూ అడిగేవారు. రేడియేషన్ గదిలో బల్ల మీదనుండి దిగి, రవిక హుక్కులు పెట్టుకుంటూ, “లేదండీ” అని ప్రతిరోజూ చెప్పేదాన్ని. నేను చెప్పింది అబద్ధం కాదు. నాలుగు వారాల చికిత్సలో నా ఎడమ రొమ్ము మీది చర్మం నా కంటికి ఒక్కనాడు కూడా ఎర్రగా కనిపించలేదు. మొదటి రెండు వారాలు మామూలుగానే ఉండి, మూడో వారంలో గానుగ దగ్గర కాగుతున్న బెల్లం పాకం రంగుకు తిరిగి, నాలుగో వారానికి కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగులా నల్లబడింది. పదిహేడో సిట్టింగు నాటికి రొమ్ము కింది మడతలో వేలు పెడితే చెమ్మ తగిలేది. ఆ మడత నాకు కనబడే చోటు కాదు. రవిక అంచు అక్కడ ఒరుసుకుంటే ప్రాణం విలవిల్లాడేది. ఆ రోజు కూడా ఎర్రబడిందా అని అడిగారు, ఆ రోజు కూడా లేదనే చెప్పాను. ఆ వారం నా కేసు షీటులో చర్మం దగ్గర ‘గ్రేడ్ 1’ అని, అంటే స్వల్పమైన మార్పు అని రాసి ఉండటం తర్వాత చూశాను.

నేను చంద్రగిరి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలి మూడేళ్ళు దాటింది. గడ్డ వరకు తీసి రొమ్మును నిలిపే శస్త్రచికిత్స, తర్వాత కీమోథెరపీ, ఆ తర్వాత మార్చి చివరినుండి ఏప్రిల్ చివరివరకు రేడియేషన్ జరిగాయి. ఆ చికిత్స మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ప్రాణం నిలిచింది దానివల్లే. మా పెద్దమ్మ కాలంలో ఈ జబ్బు వస్తే మద్రాసులో అడయారు దాకా వెళ్ళి నెలల తరబడి సత్రంలో ఉండవలసి వచ్చేది. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, 2022లో టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి తెరుచుకుంది, చిత్తూరు వైపు వారికి వెల్లూరు సీఎంసీ గంట ప్రయాణంలో ఉంది. యంత్రాలు మన గడప దాకా వచ్చాయి. నా వాదమల్లా ఆ యంత్రం పక్కన నిలబడి అడిగే ఒక్క ప్రశ్న గురించి. ఆ ప్రశ్న మన చర్మాన్ని చూసి తయారైంది కాదు, దాన్ని మార్చాలి అన్నదే నేను చెప్పదలచుకున్నది.

రేడియేషన్‌ను మా వైపు పల్లెల్లో ‘కరెంటు పెట్టడం’ అంటారు. పేరు విని, షాకు కొట్టినట్టో వాత పెట్టినట్టో ఉంటుందని అనుకుంటారు గానీ ఆ సమయంలో ఏమీ తెలియదు. చర్మం మీద మార్పు అప్పటికప్పుడు రాకపోవడానికి కారణం ఉంది. మన పైచర్మం అట్టడుగున ఒక వరుస కణాలు ఎడతెగకుండా విభజన చెందుతూ, కొత్త కణాలను పైకి పంపుతూ ఉంటాయి. అడుగునుండి పైదాకా రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ విభజన చెందే కణాలనే ఎక్కువగా దెబ్బ తీస్తుంది కాబట్టి క్యాన్సర్ కణాలతో పాటు ఈ అడుగు వరుస కూడా నష్టపోతుంది. పైన ఉన్న పాత పొర రోజువారీగా రాలిపోతూనే ఉంటుంది, కింద నుండి రావలసిన కొత్త పొర మాత్రం రాదు. అందుకే మొదటి రెండు వారాలు ఏమీ లేనట్టుండి, ఆ తర్వాత చర్మం పొడిబారి, పొట్టు లేచి, మడతల్లో తడిబారి ఊడుతుంది. ఇది కాలిన గాయం లాంటిది కాదు, సరుకు నిండుకున్న కొట్టు లాంటిది. చంకలోనూ రొమ్ము కిందా చర్మానికి చర్మం రాసుకుంటుంది, చెమట నిలుస్తుంది కనుక అక్కడే ముందు తెగుతుంది.

ఇంతవరకు ఎవరి చర్మమైనా ఒకటే. తేడా రంగులో వస్తుంది. తెల్లని చర్మం మీద ఈ మార్పు మొదట ఎరుపుగా కనిపిస్తుంది. మన చర్మంలో రంగునిచ్చే కణాలు రేడియేషన్‌కు రెచ్చిపోయి ఇంకా ఎక్కువ రంగును తయారుచేస్తాయి, కింద ఉన్న ఎరుపును ఆ నలుపు కప్పేస్తుంది. ఆసుపత్రులు వాడే కొలమానాల్లో బాగా తెలిసినది ఆర్‌టీఓజీ అనే అమెరికా పరిశోధక బృందం రూపొందించినది. అందులో మొదటి గ్రేడు అంటే లేత ఎరుపు, పొట్టు రాలడం. రెండో గ్రేడు అంటే నొప్పితో కూడిన ముదురు ఎరుపు, అక్కడక్కడ తడిగా ఊడటం. ఈ రెండు మెట్లకూ ఎరుపే ముందు గుర్తు. నల్లబడటం అన్న మాట ఆ మెట్లలో లేదు.

సన్నని వస్తువుల మందం కొలిచే స్క్రూగేజి పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకు మొట్టమొదట నేర్పేది శూన్యాంశ దోషం చూడమని. రెండు కొనలూ తాకినప్పుడు సున్నా దగ్గర ఉండవలసిన గీత పక్కకు జరిగి ఉంటే, ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా ఎన్నిసార్లు జాగ్రత్తగా కొలిచినా జవాబు తప్పే వస్తుంది. కొలిచేవారి నిజాయితీలో లోపం ఉండనక్కరలేదు. నన్ను రోజూ ఆ ప్రశ్న అడిగిన సాంకేతిక నిపుణుడు ఎంతో మర్యాదస్థుడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. ఆయన చేతిలోని కొలబద్దకు సున్నా వేరే దేశపు చర్మం మీద ఉంది.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద కట్టిన మాట కాదు. చర్మపు రంగులను వర్గాలుగా విభజించిన ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే హార్వర్డ్ చర్మవైద్యుడు 1975లో తన పద్ధతిని మొదలుపెట్టినప్పుడు తెల్లవారి చర్మాలనే దృష్టిలో పెట్టుకున్నాడు, గోధుమరంగు, నలుపు చర్మాలకు వర్గాలు తర్వాత చేర్చవలసి వచ్చింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో రొమ్ముకు రేడియేషన్ తీసుకున్న దాదాపు పదివేల మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. నొప్పి, దురద, వాపు, అలసట గురించి రోగులు స్వయంగా చెప్పినదానినీ వైద్యులు నమోదు చేసినదానినీ పక్కపక్కన పెట్టి చూశారు. రోగి ఎక్కువ బాధ ఉందని చెబితే వైద్యుడు తక్కువగా రాసిన సందర్భాలు అన్ని వర్గాల్లోనూ ఉన్నాయి గానీ, నల్లజాతి స్త్రీల విషయంలోనూ, యాభై ఏళ్ళలోపు వారి విషయంలోనూ అవి మరీ ఎక్కువ. రకరకాల రంగుల మనుషులు కలిసి బతికే దేశంలోనే ఇలా ఉంటే, అందరమూ చామనచాయ, నలుపు మనుషులమే అయిన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అదే ప్రశ్నను యథాతథంగా అడగటంలో అర్థం ఏమిటి?

రంగు ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేది కాదేమో. దానికి మన సిగ్గు తోడైంది. వారానికి ఒకసారి డాక్టరుగారు చూడవలసిన రోజున, “ఎరుపేమీ లేదు కదమ్మా, అయితే రవిక విప్పనక్కరలేదులే” అన్నారు. నా మర్యాద కాపాడటానికే ఆయన ఆ మాట అన్నారు. నాకూ అప్పుడు హాయిగా అనిపించింది. ముప్పై ఏళ్ళుగా పిల్లల ముందు నిలబడి ప్రశ్న సరిగా అడగండని చెప్పినదాన్ని, నన్ను అడిగిన ప్రశ్న సరైనది కాదని నోరు తెరిచి చెప్పలేకపోయాను. “ఎర్రగా లేదు గానీ మంటగా ఉంది” అన్న అయిదు మాటలు గొంతు దాటలేదు. మంట అన్నది ఎలాగూ ఉండేదేనేమో, చెబితే సుకుమారం అనుకుంటారేమో అన్న సంకోచం ఒక పక్క, ఆ మడతను ఎత్తి చూపాలన్న సిగ్గు ఒక పక్క.

నాతో పాటు వంతు కోసం బల్ల మీద కూర్చునే ఒకామె పలమనేరు వైపు నుండి వచ్చేది. ఆమెకు రొమ్ము పూర్తిగా తీసేశారు. అటువంటి వారికి చర్మానికి కూడా మోతాదు పూర్తిగా అందాలని కొన్ని రోజులు ఛాతీ మీద మెత్తని జెల్ పలక పరిచి రేడియేషన్ ఇస్తారు, అందువల్ల చర్మం మరింత దెబ్బ తింటుంది. “ఎర్రగా ఏమీ లేదుక్కా, మసి పట్టినట్టు అయిపోయె. చురచురా అంటా ఉండాది, రాత్రి పక్కకు తిరగలేకుండా ఉండాను. కరెంటు పెడితే కాలకుండా ఉంటుందా, ఎవురికి చెప్పేది?” అని ఒకరోజు అన్నది. మరుసటి సోమవారం నుండి ఆమె రాలేదు. ఎనిమిది రోజుల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు తెలిసింది, గాయం మానేదాకా ఆగుదామని ఇంట్లోవాళ్ళే నిర్ణయించుకున్నారట. రేడియేషన్‌లో మధ్యలో అలా రోజులు పోవడం మంచిది కాదు, మిగిలిన క్యాన్సర్ కణాలు తేరుకోవడానికి అది వ్యవధి ఇస్తుంది. చర్మం సంగతి చిన్నది, అసలు చికిత్స పెద్దది అని విడదీసి మాట్లాడేవారికి నేను ఆమెను చూపిస్తాను. చర్మాన్ని పట్టించుకోకపోవడం వల్లే ఆమెకు అసలు చికిత్స ఆగింది.

ఆసుపత్రి అడగనిచోట ఇల్లు తన వైద్యం తాను చేస్తుంది. మా వదిన పుత్తూరు నుండి వచ్చి నా మెడ కింద నల్లని చోటు చూసి, “ఒళ్ళు ఇట్లా ఉడికితే నీళ్ళు తగలకూడదమ్మా, అమ్మవారు పోసినప్పుడు చేసినట్టే చెయ్యాల” అని వేపాకు పరిచి పడుకోబెట్టింది. ఆమె ప్రేమను నేను కాదనలేను, కానీ ఆ మూడు రోజులు స్నానం మానినందువల్ల మడతలో చెమట పేరుకుని బాధ పెరిగింది. నీళ్ళు తగలకూడదన్న మాట వేపాకు పరిచేవారిదే కాదు, ఒకప్పుడు ఆసుపత్రులదీ అదే మాట. 1992లో బ్రిటన్‌లోనూ 2001లో కెనడాలోనూ రోగులను గుంపులుగా చేసి పరీక్షించి చూశాక తేలిందేమిటంటే, గోరువెచ్చని నీళ్ళతో, ఘాటులేని సబ్బుతో మెల్లగా కడుక్కున్నవారికి కీడేమీ జరగలేదు. గీసిన గుర్తులు చెరిగిపోకుండా, రుద్దకుండా, మెత్తని గుడ్డతో అద్దుకుంటే చాలు. కలబంద గుజ్జు మీద మనకు నమ్మకం ఎక్కువ, రేడియేషన్ చర్మం మీద అది పనిచేస్తుందని పరీక్షల్లో రుజువు కాలేదు. కొన్ని స్టిరాయిడ్ పూతలు మొదటి రోజునుండి వాడితే మంటా దురదా తగ్గుతాయని మాత్రం గట్టిగా తేలింది, అయితే అది డాక్టరు రాసి ఇవ్వవలసిన మందు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నాలుగు మందుల కలగలుపు పూత కాదు. పసుపు, కొబ్బరినూనె, వెన్న ఏది రాయాలన్నా ముందు అడగాలి, గాయం తడిబారిన తర్వాత ఇంటివైద్యం ఏదీ వద్దు.

ఇక, ఎవరూ నాకు ముందుగా చెప్పని విషయం ఒకటుంది. చివరి సిట్టింగు అయిన రోజున బాధ తగ్గుముఖం పట్టదు. మోతాదు ఆగినా, దెబ్బతిన్న అడుగు వరుస తేరుకోవడానికి సమయం పడుతుంది గనుక, ఆ తర్వాత వారం పది రోజుల దాకా చర్మం పరిస్థితి ఇంకా దిగజారి, అప్పుడు మళ్ళుతుంది. రోజూ చూసే కళ్ళు సరిగ్గా ఆ రోజునుండే ఉండవు. “అయిపోయిందమ్మా, నెల తర్వాత రండి” అని స్వీట్లు పంచుకుని పంపుతారు. నాకు అన్నిటికంటె చెడ్డ రోజులు మే మొదటి వారంలో, ఇంట్లో గడిచాయి. అది కత్తిరి ఎండల కాలం. చంకలో కూడా పొర ఊడింది. నల్లని పొర కింద లోపలి చర్మం లేత గులాబీ రంగులో బయటపడటం అప్పుడే మొదటిసారి అద్దంలో చూశాను. రవిక వేసుకునే మాటే లేదు. మా ఆయన పాత నూలు పంచెలు నాలుగు ముక్కలు చేసి, ఒకటి తడిసేలోగా ఒకటి మారుస్తూ, చేయి పక్కకు చాపి ఫ్యాను కింద పడుకునేదాన్ని. కరెంటు పోతే తాటాకు విసనకర్ర. తిరుపతి అంతా గంగమ్మ జాతరకు సిద్ధమవుతున్న రోజులవి. తప్పెట్లు వినబడుతుంటే, ఈ పూటకి చెమట పట్టకుండా చూడు తల్లీ అని మొక్కుకున్నాను.

తొమ్మిదో రోజున ఓర్చుకోలేక ఆసుపత్రికి వెళ్తే, అక్కడి సిస్టరమ్మ తెర వేసి, దీపం దగ్గరగా తెచ్చి చూసి, “ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నది. ఉప్పునీటితో కడిగి, అంటుకోని మెత్తని పట్టీ పెట్టింది. ఆ రాత్రి నిద్రపోయాను. రెండు వారాలలో చర్మం మూసుకుంది. ఆ పట్టీ ఖరీదైనది కాదు, ఆ చేతిపని పావుగంటది.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. రోజుకు అరవై, డెబ్బై మందికి యంత్రం నడపాలి, ఒక్కొక్కరికి దొరికేది పది నిమిషాలు, ప్రాణం నిలబెట్టే పనిలో ఉన్నవారిని చర్మం గురించి సతాయించడం న్యాయమా అని. న్యాయమైన మాటే. చాలామందికి చర్మం దానంతట అదే మానుతుందన్నదీ నిజమే. మునుపు ఇరవై అయిదు సిట్టింగులు ఇచ్చేచోట, బ్రిటన్‌లో జరిగిన పరీక్షల తర్వాత పదిహేనుకు తగ్గించారు, దానివల్ల చర్మానికి మేలే జరిగింది. నాకిచ్చింది కూడా ఆ పదిహేను, గడ్డ ఉన్న చోటికి అదనంగా ఇంకో అయిదు. 2020లో వెలువడిన మరో పరీక్ష అయిదు సిట్టింగులతో ఒక్క వారంలో ముగించడం కూడా సాధ్యమని చూపింది. వైద్యం మన బాధ తగ్గించే దిశగానే నడుస్తోంది. నేను అడుగుతున్నది కొత్త యంత్రమో కొత్త మనిషో కాదు. ‘ఎర్రబడిందా’ అన్న ఒక్క మాట పట్టేంత సమయంలో మరో మాట పట్టదా? రంగు మారిందా, బిగుసుకుపోయినట్టుందా, చురచురమంటోందా, బట్ట అంటుకుంటోందా, రాత్రి నిద్ర పడుతోందా అని అడగవచ్చు. మన చర్మంలో ఎరుపు కోసం వెతకకుండా, అదే మనిషి రెండో రొమ్ముతో పోల్చి, వేడి, వాపు, గట్టిదనం చేతి వెనుక భాగంతో తాకి తెలుసుకోవచ్చు. చూడటానికి ఆడమనిషి ఉంటే మంచిది. మడత ఎత్తి చూడవలసిందే. చివరి సిట్టింగు తర్వాత వారానికొకసారి చొప్పున రెండు ఫోన్లు చేస్తే, మే నెలలో నాలాగా ఇంట్లో పడి ఉన్నవారు ఎందరో బయటపడతారు.

నా చర్మం ఇప్పుడు మానింది గానీ మునుపటిది కాలేదు. ఎడమ చంకలో చెమట పట్టదు, అక్కడి చెమట గ్రంథులు పని మానుకున్నాయి. రొమ్ము మీద ఒకచోట గట్టిబడి, చలికాలంలో తీగ లాగినట్టుంటుంది. అన్నిటికంటె ఎక్కువ అడిగించుకునేది మెడ ఎముక పైన ఉన్న నల్లమచ్చ. రేడియేషన్ పడిన చోటికి గీత గీసినట్టు తిన్నని అంచు ఉంటుంది, అంత తిన్నని అంచుతో పుట్టుమచ్చ ఎవరికీ ఉండదు. పైట సరిగ్గా ఆ భుజం మీదనే పడుతుంది కాబట్టి పిన్ను పెట్టుకోవడం మానుకున్నాను. బడి తెరిచిన జూన్‌లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, “టీచర్, ఆడ ఏమైంది?” అని అడిగింది. రేడియేషన్ అని చెప్పి, విద్యుదయస్కాంత తరంగాల పాఠం ఆ రోజు అక్కడినుండే మొదలుపెట్టాను. ఆ చోటికి ఎండ తగలకుండా ఇప్పటికీ కొంగు కప్పుకునే తిరుగుతాను.

పోయిన వేసవిలో మా పాఠశాలలో హిందీ చెప్పే ఆవిడకు ఇదే చికిత్స మొదలైంది. ఆమెది నాకన్నా ముదురు చామనచాయ. మొదటి రోజు వెళ్ళేముందు ఆమె కూతురిని మా ఇంటికి పిలిపించి, ఎరుపు కోసం చూడవద్దని, రోజూ స్నానం తర్వాత టార్చిలైటు వేసి మడత చూడమని, నొప్పి లేదని అమ్మ చెప్పినా నమ్మవద్దని చెప్పాను. పన్నెండో సిట్టింగు నాటి రాత్రి ఫోను వచ్చింది. “అత్తా, రంగేమీ మారినట్టు లేదు గానీ బట్ట అంటుకొంటా ఉంది” అన్నది ఆ పిల్ల. మరుసటి పొద్దున ముగ్గురమూ వెళ్ళాం. ఎర్రబడిందా అని అడిగారు. ఆమె నా వైపు ఒకసారి చూసి, “ఎర్రబడలేదు సార్, తడిబారింది, సిస్టర్‌ను పిలిస్తే చూపిస్తాను” అన్నది. పట్టీ పెట్టించుకుని, ఆ రోజు సిట్టింగు కూడా పూర్తిచేసుకుని, పదకొండు గంటల బస్సుకు ఇంటికి వచ్చేశాం.